బొమ్మకు పేరిచ్చిన అమ్మాయి



ఇంట్లో చిన్నపిల్ల ఉంటే అలమరలోనో, మంచం కిందనో ఒక బొమ్మ తప్పకుండా ఉంటుంది. కాలు విరిగినా సరే, జుట్టు ఊడినా సరే, దాన్ని పారేస్తామంటే పిల్ల ఒప్పుకోదు. మనం దాన్ని బొమ్మ అంటాం. ఇంగ్లీషు బడికి వెళ్ళే పిల్లయితే డాల్ అంటుంది. రెండూ ఒకటేగా అని మనం ఊరుకుంటాం. కాని ఈ డాల్ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? అది మొదట ఏ వస్తువు పేరూ కాదండీ. ఒక ఆడపిల్ల పేరు. పుట్టిన పిల్లకు తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న చక్కని పేరు. అది ముద్దుపేరై, ఆ ముద్దుపేరు చులకనై, చివరికి కొట్లో అమ్మే ఆటవస్తువు పేరైంది. ఈ పూట ఆ పేరు కథ చెప్పుకుందాం. కథ ఇంగ్లీషు వాళ్ళదే అయినా, అందులో మన ఆడపిల్లల సంగతి కూడా చాలా ఉంది.

బొమ్మ ప్రస్తావన వచ్చింది కనుక ముందుగా ఏటికొప్పాకను తలుచుకోవాలి. విశాఖపట్నం నుంచి తుని వైపు వెళ్ళే దారిలో, ఎలమంచిలికి దగ్గరగా, వరాహనది ఒడ్డున ఉంది ఆ ఊరు. పేరులోనే ఏరు ఉంది చూడండి. ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అక్కడ అంకుడు కర్రను చక్రం మీద తిప్పుతూ ఉలితో చెక్కి, తిరుగుతున్న ఆ కర్రకే రంగు కలిపిన లక్కను ఒత్తిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. అలా తయారైనవే మనం చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు. బిందె, చెంబు, రోలు, తిరగలి, గిన్నెలు, పొయ్యి అన్నీ వేలెడంత. మన సంసారం అంతా ముందు అందులోనే నేర్చుకున్నాం కదూ! పెద్ద పొయ్యి దగ్గరకు రానివ్వని అమ్మ, ఆ చిన్న పొయ్యి మీద ఎన్ని వంటలు వండినా ఏమీ అనేది కాదు.

ఇప్పుడు ఏటికొప్పాక సరుకు పట్నం దుకాణాల్లోకి వచ్చేసరికి మీద ఇంగ్లీషులో టాయ్స్ అనీ, డాల్స్ అనీ చీటీ ఉంటుంది. ఆ చీటీ మీది మాటలోనే మన కథానాయిక దాగుంది. ఆమె అసలు పేరు డోరతీ.

డోరతీ అంటే అర్థం ఏమిటి? ఇంగ్లీషు పేరని మనం అనుకుంటాం గాని, పుట్టిల్లు గ్రీకు దేశం. గ్రీకు భాషలో డోరోన్ అంటే కానుక, థియోస్ అంటే దేవుడు. రెండూ కలిస్తే డోరోథియా, అంటే దేవుడిచ్చిన కానుక. ఆ డోరోన్ అన్న మాటా, మన సంస్కృతంలోని దానం అన్న మాటా ఒక్క తల్లి బిడ్డలేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఇవ్వడం అనే అర్థం గల ఒకే పాతకాలపు ధాతువు అటు వెళ్ళి డోరోన్ అయింది, ఇటు వచ్చి దానం, దత్తం అయింది. అయితే థియోస్, దేవ అన్న మాటలు చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉన్నా, వాటికి చుట్టరికం లేదట. పోలికను చూసి బంధుత్వం కలపకూడదని భాష కూడా చెబుతుందన్నమాట.

ఏమైనా అర్థం మాత్రం మనకు కొత్తది కాదు. భారతంలో అర్జునుడి శంఖం పేరు దేవదత్తం, అంటే దేవుడు ఇచ్చినది. డోరతీ కూడా అదే. ఆ రెండు గ్రీకు మాటలనే తలకిందులు చేసి ముందు థియోస్, తరవాత డోరోన్ పెడితే థియోడోర్ అవుతుంది. అది మగపిల్లవాడి పేరు. ఆడపిల్లకు డోరతీ, మగపిల్లవాడికి థియోడోర్. అర్థం మాత్రం ఒక్కటే. పేరు పెట్టడంలో ఆ పూర్వులు ఆడపిల్లకు తక్కువ చెయ్యలేదు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఈ పేరు యూరపులో వ్యాపించడానికి ఒక పునీతురాలి కథ కారణం. ఈనాటి టర్కీ దేశంలో ఉన్న కప్పడోసియా ప్రాంతంలో, సిజేరియా అనే పట్నంలో డోరోథియా అనే కన్య ఉండేదట. నాలుగో శతాబ్దం మొదట్లో, రోము చక్రవర్తులు క్రైస్తవులను హింసించే రోజుల్లో, ఆమెకు మరణశిక్ష వేశారు. వధ్యశిలకు తీసుకువెడుతుంటే థియోఫిలస్ అనే ఆయన, నువ్వు వెళ్ళే స్వర్గంలోని తోట నుంచి నాకూ కొన్ని పూలూ పళ్ళూ పంపించమని వేళాకోళం చేశాడట. ఆమె ప్రాణం పోయే ముందు ఒక పసివాడు బుట్టనిండా గులాబీలు, ఆపిల్ పళ్ళు పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టాడట. అది పూలు పూయని చలికాలం! అది చూసి ఆయన మనసు మారిపోయిందని కథ. అందుకే చిత్రకారులు ఆమె బొమ్మ వేసినప్పుడల్లా చేతిలో పూలబుట్ట పెడతారు. ఫిబ్రవరి 6 ఆమె పండగరోజు. కథలో చరిత్ర ఎంతో, కల్పన ఎంతో గాని, దేవుడి కానుక అన్న పేరుకు తగ్గ కథే అది.

15వ శతాబ్దం చివరి నుంచి ఇంగ్లాండులో ఆడపిల్లలకు ఈ పేరు పెట్టడం మొదలైంది. 16వ శతాబ్దానికి బాగా వాడుకలోకి వచ్చింది. అన్ని పేర్లకూ పట్టే గతే దానికీ పట్టింది. ఇంట్లో కురచ చేసి పిలవడం మొదలుపెట్టారు.

మన ఇళ్ళలో మాత్రం జరగడంలేదూ? వరలక్ష్మి వరాలు అవుతుంది. సుబ్బలక్ష్మి సుబ్బులు అవుతుంది. సీతామహాలక్ష్మి అని బారెడు పేరు పెట్టుకున్న పిల్ల సీతాలై కూర్చుంటుంది. ఇంగ్లీషు వాళ్ళ పద్ధతిలో ఇంకొక తమాషా ఉంది. పేరులోని రకారం ముద్దు చేసేటప్పుడు లకారంగా మారుతుంది. మేరీని మోలీ అంటారు. సారాను శాలీ అంటారు. హారీని హాల్ అంటారు. ఇది ఎవరు నేర్పారనుకుంటారు? నాకు తోచింది చెబుతాను. మన పసిపిల్లలు రాముణ్ణి లాముడు అనడంలేదూ! నాలుక తిరగని పిల్లల మాటను పెద్దవాళ్ళు ముద్దుగా పట్టుకుని అలాగే ఉంచేసి ఉంటారు. ఆ దారిలోనే డోరతీ కాస్తా డాల్ అయింది, డాలీ అయింది. మేరీ మోల్ అయినట్టే డోరతీ డాల్ అయింది, అంతే.

ఇంతవరకూ ముచ్చటగానే ఉంది. ఇక్కణ్ణుంచి కథ మలుపు తిరుగుతుంది.

ఒక పేరు ఊళ్ళో మరీ ఎక్కువైతే దాని విలువ తగ్గుతుంది. 16వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి డాల్ అనేది ఎవరో ఒక అమ్మాయి పేరుగా కాక, ఉంచుకున్న ఆడదానికీ, చులకనగా చూసే ఆడదానికీ కూడా వాడే మాటగా మారింది. షేక్స్పియర్ నాలుగో హెన్రీ రాజు మీద రాసిన రెండో నాటకంలో సారాకొట్టు దగ్గర తిరిగే సాని పేరు డాల్. 1610లో బెన్ జాన్సన్ రాసిన ఆల్కెమిస్టు నాటకంలో మోసగాళ్ళతో చేతులు కలిపిన ఆడదాని పేరూ డాలే. దేవుడి కానుక అన్న పేరు వంద సంవత్సరాలు తిరక్కుండా ఎక్కడికి దిగిందో చూడండి.

ఆ తరవాత, సుమారు 1700 ప్రాంతంలో, పిల్లలు ఆడుకునే బొమ్మకు డాల్ అనే పేరు స్థిరపడింది. మరి అంతకుముందు ఇంగ్లీషు పిల్లలకు బొమ్మలు లేవా అంటే, లేకేం, ఉన్నాయి. వాటిని బేబీ అనేవారు, పాపెట్ అనేవారు. తోలుబొమ్మలాటను ఇంగ్లీషులో పపెట్ ఆట అంటాం కదా, ఆ మాటకూ దీనికీ చుట్టరికమే. లాటిన్ భాషలో ప్యూపా అంటే చిన్నపిల్ల, బొమ్మ అని రెండర్థాలూ ఉన్నాయి. అయితే వీధి సంతల్లో అలంకరించి అమ్మే బొమ్మలకు, అలంకరించుకున్న పడుచుకు వాడే డాల్ అన్న మాటే చివరకు అంటుకుపోయింది.

దీన్ని ఒక్క క్షణం నిదానంగా ఆలోచించండి. బొమ్మను చూసి ఆడపిల్లకు పేరు పెట్టలేదు. ఆడపిల్ల పేరును తీసి బొమ్మకు తగిలించారు. ముందు మనిషి, తరవాత వస్తువు. అదీ అక్కడితో ఆగలేదు. వస్తువుకు స్థిరపడిన పేరు మళ్ళీ తిరిగివచ్చి మనిషిని పట్టుకుంది. అందంగా ఉండి, బుర్రలో ఏమీ లేని అమ్మాయిని డాల్ అనడం మొదలైంది. 1879లో నార్వే రచయిత ఇబ్సన్ రాసిన బొమ్మరిల్లు నాటకం మీరు వినే ఉంటారు. అందులో నోరా అనే ఇల్లాలు, పుట్టింట్లో నాన్నగారికి బొమ్మగా ఉన్నాను, అత్తింట్లో భర్తకు బొమ్మగా ఉన్నాను, ఇక చాలు అని తలుపు వేసుకుని బయటికి వెళ్ళిపోతుంది. ఆ నాటకం చూసి యూరపంతా గగ్గోలు పెట్టింది. ఆమె వెళ్ళడం తప్పా ఒప్పా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదం మాట అలా ఉంచితే, బొమ్మగా చూడడం అనే మాటలో ఉన్న బాధ మాత్రం ఏ దేశపు ఇల్లాలికైనా అర్థమవుతుంది.

పేరుకు ఇలా మచ్చ పడితే తల్లిదండ్రులు ఆ పేరు పెట్టడం మానేస్తారు. మనకు తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. సూర్యకాంతం ఎంత మంచి పేరండీ! సూర్యకాంతి అంతా అందులో ఉంది. కాని సూర్యకాంతమ్మగారు (1924-1994) వెండితెర మీద గయ్యాళి అత్తగా అంత గొప్పగా నటించారు, 1962లో వచ్చిన గుండమ్మ కథ చూసినవాళ్ళు ఆ గుండమ్మను ఈనాటికీ మరచిపోలేదు. అంతే, ఆ తరవాత కూతురికి ఆ పేరు పెట్టే తల్లి కనబడలేదు. నిజజీవితంలో ఆవిడ పదిమందికి పెట్టే చెయ్యి అని తోటి నటులు చెప్పేవారు. అయినా పేరు మాత్రం వేషంతోనే నిలిచిపోయింది. మనిషి మంచితనం కంటె వేషం బలమైనది కాబోలు!

డోరతీకీ ఇలాగే కొన్నాళ్ళు గ్రహచారం బాగులేకపోయింది. 18వ శతాబ్దం దాటి 19వ శతాబ్దంలోకి వచ్చేసరికి పాతబడిన పేరుగా మూలపడింది. మళ్ళీ కథలే దాన్ని లేవనెత్తాయి. 1841లో చార్లెస్ డికెన్స్ ఒక నవలలో డాలీ వార్డెన్ అనే చలాకీ పిల్లను సృష్టించాడు. తాళాలు చేసే ఆయన కూతురు ఆ పిల్ల. 1870 దశకంలో ఆమె పేరుమీద పూలగౌన్ల ఫ్యాషనే నడిచింది. 1871, 72 సంవత్సరాల్లో జార్జి ఎలియట్ అనే మగపేరుతో రాసిన ఆవిడ మిడిల్‌మార్చ్ నవలలో డోరోథియా అనే నాయికను తెచ్చింది. ఈ డోరోథియా అలంకారాల బొమ్మ కాదు. లోకానికి ఏదైనా మేలు చెయ్యాలని తపించే పిల్ల. చూశారా, ఆడది రాసేసరికి పేరు మళ్ళీ తన పూర్తి రూపంలోకి వచ్చింది.

ఇక 1900లో అమెరికాలో ఫ్రాంక్ బామ్ అనే ఆయన ఓజ్ మాంత్రికుడి కథ ప్రచురించాడు. సుడిగాలికి ఇంటితో సహా కొట్టుకుపోయి, ఎక్కడో మాయదేశంలో పడి, దిష్టిబొమ్మనూ రేకుమనిషినీ పిరికి సింహాన్నీ వెంటబెట్టుకుని, తన తెలివితోనే తిరిగి ఇంటికి చేరిన పిల్ల పేరు డోరతీ. ఈ పేరు వెనక ఒక కన్నీటి చుక్క ఉంది. బామ్ భార్యకు మేనకోడలు డోరతీ అని ఒక పసిపాప 1898లో అయిదు నెలలకే పోయింది. ఆ పాపను చూసుకుని మురిసిన మేనత్త దుఃఖాన్ని చూసి, ఆ పేరును కథలో నిలబెట్టాడంటారు. భూమి మీద అయిదు నెలలున్న పాప పేరు నూట పాతికేళ్ళుగా పిల్లల నోళ్ళలో ఆడుతోంది.

అప్పటికే మళ్ళీ వాడుకలోకి వచ్చిన ఈ పేరు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రహ్మాండంగా వెలిగింది. ఇంగ్లాండులో ఎక్కువమందికి పెట్టిన మొదటి పది పేర్లలో చేరింది. అమెరికాలో 1920 దశకంలో మేరీ తరవాత రెండో స్థానం డోరతీదే. ఏ బడికి వెళ్ళినా తరగతికి ఇద్దరు డోరతీలు ఉండేవారట, మన బళ్ళలో ఒకప్పుడు తరగతికి ముగ్గురు లక్ష్ములు ఉన్నట్టు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి, అమ్మమ్మలయ్యేసరికి, అది అమ్మమ్మల పేరు అని కొత్త తల్లులు పక్కన పెట్టారు. ఇప్పుడు మళ్ళీ అక్కడక్కడ మునిమనవరాళ్ళకు పెడుతున్నారు. పేర్లు కూడా చీరల అంచుల లాంటివే సుమండీ. అమ్మది పాతగా కనిపిస్తుంది, అమ్మమ్మది అపురూపంగా కనిపిస్తుంది.

ఆ వెలుగు రోజుల్లో, 1910లో పుట్టిన ఒక డోరతీ గురించి మన గృహిణులం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఆమె డోరతీ హాడ్జ్‌కిన్. ఎక్స్‌రే కిరణాలను స్ఫటికాల గుండా పంపి, కంటికి కనబడని అణువుల అమరికను లెక్కగట్టే విద్యలో ఆరితేరిన మనిషి. పెన్సిలిన్ నిర్మాణం 1945లో తేల్చింది. తరవాత బి12 విటమిన్ నిర్మాణం తేల్చింది. 1964లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. చక్కెర వ్యాధి ఉన్నవారికి ప్రాణాధారమైన ఇన్సులిన్ నిర్మాణాన్ని 1969లో సాధించింది. పడుచు వయసులోనే కీళ్ళవాతం వచ్చి వేళ్ళు వంకర్లు పోయినా ఆ సన్నని పని మానలేదు. ముగ్గురు పిల్లల తల్లి. నోబెల్ వచ్చిన నాడు ఇంగ్లాండులో ఒక పత్రిక ఆ వార్తను ఆక్స్‌ఫర్డ్ గృహిణికి బహుమానం అన్న ధోరణిలో వేసింది! గృహిణి అనిపించుకోవడం మనకు తక్కువేం కాదు. కాని మగ శాస్త్రజ్ఞుడికి నోబెల్ వస్తే ఫలానా ఇంటి యజమానికి బహుమానం అని ఎవరైనా వేస్తారా? అదీ సంగతి. బొమ్మగా చూడడమంటే రంగులు పూసి కూచోబెట్టడమే కానక్కర్లేదు.

ఇక మన వైపు వద్దాం. మన జిల్లాలకు ఇంగ్లీషు పేర్లు దొరలతోనూ, మిషనరీలతోనూ వచ్చాయి. 1805లో లండన్ మిషన్ వారు విశాఖపట్నం వచ్చారు. 1874లో కెనడా బాప్టిస్టు మిషన్ వారు కాకినాడలో పని మొదలుపెట్టి, తరవాత తుని, ఎలమంచిలి దాకా విస్తరించారు. వారితో మేరీ, మార్త, రూతు, ఎస్తేరు వంటి పేర్లు మన ఊళ్ళకు వచ్చాయి. ఇవి బైబిల్లోని పేర్లు. డోరతీ పేరు బైబిల్లో లేదు. అందుకే కాబోలు, అది మేరీలా ఊరూరా పాకలేదు. కాని ఆ అర్థం మాత్రం మన క్రైస్తవ కుటుంబాల్లో చక్కని తెలుగు వేషం కట్టింది. దేవదానం అన్న పేరు మీరు వినే ఉంటారు. థియోడోర్‌కూ డోరతీకీ అంతకంటె సరైన అనువాదం ఏ పండితుడూ చెయ్యలేడు.

తరవాత డాలీ మరొక దారిన వచ్చింది. సినిమాలూ, కాన్వెంటు బళ్ళూ వచ్చాక మన ఇళ్ళలో బేబి, రోజీ, లిల్లీ, పింకీలతోపాటు డాలీ కూడా ముద్దుపేరై కూచుంది. టీవీలో పిల్లలు చూసి మురిసే డోరా పేరు కూడా ఈ వంశానిదే. మన దొరకూ ఆ డోరాకూ మాత్రం ఏ సంబంధమూ లేదు! 1996లో స్కాట్లండులో శాస్త్రజ్ఞులు ఒక గొర్రె కణం నుంచి అచ్చు అలాంటిదే మరో గొర్రెను పుట్టించి, దానికి అమెరికా గాయని డాలీ పార్టన్ పేరు మీద డాలీ అని పేరు పెట్టారు. దేవుడి కానుక అన్న పేరు, మనిషి చేసిన గొర్రెకు చేరింది.

మన పేర్ల సంగతి చూస్తే, మన ఉత్తరాంధ్రలో పేరు పెట్టడమంటే మొక్కు తీర్చుకోవడమే. అనకాపల్లి నూకాలమ్మ తల్లికి మొక్కుకుని పుడితే నూకాలు, నూకరత్నం, నూకరాజు. సింహాద్రి అప్పన్న వరమైతే సింహాచలం, అప్పలనరసమ్మ, అప్పారావు. విజయనగరం పైడితల్లి ఇచ్చిందైతే పైడితల్లి, పైడిరాజు. ఇవన్నీ దేవుడిచ్చిన కానుకలే, మన డోరతీలే. సింహాచలం, పైడితల్లి అనే పేర్లు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ కూడా పెట్టడం ఇక్కడి ప్రత్యేకత. మనం కూడా మొక్కు దగ్గర ఆడా మగా తేడా చూడలేదు.

ఇంకొక రకం పేర్లున్నాయి. వరసగా బిడ్డలు పోతుంటే, పుట్టిన బిడ్డను పెంటమీద పడుకోబెట్టి తీసి పెంటమ్మ, పెంటయ్య అన్నారు. తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు చేసి తవిటమ్మ, తవిటినాయుడు అన్నారు. చెవికి మోటుగా ఉన్నా ఇవి చులకన పేర్లు కావు. ఈ బిడ్డ విలువైనదని తెలిస్తే మృత్యువు మళ్ళీ వస్తుందేమోనని భయపడ్డ తల్లి కట్టిన ముసుగు అది. బళ్ళో ఎవరైనా ఆ పేరు విని నవ్వితే, ఈ సంగతి చెప్పి నోరు మూయించండి.

కాని నిజంగా నొప్పి కలిగించే పేర్లు కూడా దేశంలో ఉన్నాయి. మహారాష్ట్రలో సతారా జిల్లాలో మగపిల్లవాడి కోసం ఎదురుచూసి మళ్ళీ ఆడపిల్ల పుడితే నకుశా అని పేరు పెట్టేవారు. అంటే అక్కర్లేనిది. రోజుకు పదిసార్లు తల్లే అక్కర్లేనిదానా ఇలా రా అని పిలిస్తే ఆ పిల్ల మనసు ఏమవుతుంది? 2011లో అక్కడి అధికారులు అలాంటి పిల్లలను వెతికి, సభ పెట్టి, 280 మందికి పైగా ఆడపిల్లలకు కొత్త పేర్లు ఇచ్చారు. ఆ పిల్లలు తమకు నచ్చిన పేరు తామే ఎంచుకున్నారట. ఒక కాగితం మీద పేరు మారితే బతుకు మారుతుందా అంటారేమో. బతుకంతా మారకపోవచ్చు. పిలిచినప్పుడల్లా తగిలే దెబ్బ ఒకటి తగ్గుతుంది. అది చిన్నదా?

ఇక్కడ మన ప్రాంతపు మహాకవిని తలుచుకోకపోతే లోటు. గురజాడ అప్పారావుగారు 1862లో ఎలమంచిలి తాలూకా రాయవరంలో పుట్టారు. ఏటికొప్పాకకు ఇరుగుపొరుగే. ఆయన రాసిన పుత్తడి బొమ్మ పూర్ణమ్మ కథ తెలియని తెలుగు ఆడపడుచు ఉండదు. పూజారిగారి ముద్దుల కూతురు, బంగారు బొమ్మలాంటి పిల్ల. డబ్బు పుచ్చుకుని ముసలివాడికి కట్టబెడితే, అందరికీ వీడ్కోలు చెప్పి కోనేటి దారి పట్టింది. బంగారు బొమ్మ అని ముద్దుగానే అన్నారు. కాని బొమ్మ కనకనే అమ్మగలిగారు. దేవుడి కానుకను ఎవరూ వెలకట్టి అమ్మరు. బొమ్మకైతే వెల ఉంటుంది. డోరతీ డాల్ అయిన కథా, పూర్ణమ్మ కథా నా మనసులో ఒకచోటికే వచ్చి కలుస్తాయి. పిలిచే మాటలో ముద్దు ఉంటే సరిపోదు, పిలిచేవాడి కంట్లో ఆ పిల్ల మనిషై ఉండాలి.

అలాగని బొమ్మను మాత్రం తక్కువ చెయ్యకండి. ఏటికొప్పాక బొమ్మ వెనక ఎంత శ్రమ ఉందో చూడండి. రసాయన రంగులు చౌకగా వచ్చిపడ్డాక పాత రంగులు మూలబడ్డాయి. పసిపిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు కదా, ఆ రంగుల్లో విషముంటే ఎలా? అందుకని గింజలు, బెరళ్ళు, వేళ్ళు, ఆకుల నుంచి రంగులు తీసే పద్ధతిని తిరిగి నిలబెట్టడానికి ఆ ఊరివారు చాలా ఏళ్ళు పాటుపడ్డారు. అందులో ముందు నిలిచిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఆ పేరుతో ఇంకెక్కడి సరుకూ అమ్మకూడదు. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. ఒక ఊరి పేరుకు చట్టం ఇంత కాపలా కాస్తుంటే, మన ఆడపిల్ల పేరుకు మనం ఆ మాత్రం కాపలా కాయలేమా?

అమెరికాలో 1959లో బార్బీ బొమ్మ వచ్చింది. దాన్ని తయారుచేయించిన తల్లి తన కూతురు బార్బరా పేరే దానికి పెట్టింది. డోరతీకి జరిగిందే మళ్ళీ బార్బరాకు జరిగింది. ఇప్పుడు బార్బీ అంటే ఎవరికీ ఆ కూతురు గుర్తురాదు, సన్నని నడుము బొమ్మే గుర్తొస్తుంది.

కనుక సోదరీమణులారా, ముద్దుపేర్లు మానేయమని నేననను. చిట్టి, బుజ్జి, డాలీ అని పిలుచుకోకపోతే ఇంట్లో ముచ్చటేముంది? కాని రోజుకు ఒక్కసారైనా పిల్లను నిండుపేరుతో పిలవండి. ఆ పేరుకు అర్థమేమిటో, ఎవరి మొక్కు వల్ల వచ్చిందో, ఏ నాయనమ్మ పేరో కూచోబెట్టి చెప్పండి. బడి పుస్తకంలో, ఆధార్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో ఆ పేరు ఒకేలా, తప్పుల్లేకుండా ఉందో లేదో చూడండి. రేపు చదువుకైనా, ఉద్యోగానికైనా, ఆస్తికైనా నిలిచేది ఆ నిండుపేరే గాని డాలీ కాదు. కోడలు వచ్చిననాడు ఆమె పేరు మార్చాలని ముచ్చటపడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆమె పుట్టింటివారు పెట్టిన పేరు ఆమెతోనే ఉండనివ్వండి.

మనకు కూడా ఇదే మాట. ఫలానావారి భార్య, ఫలానా పిల్లవాడి అమ్మ అని పిలిపించుకుంటూ పిలిపించుకుంటూ, మన పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా వినబడని రోజు వస్తుంది. పక్కింటి వదినగారి అసలు పేరేమిటో ఈ సాయంత్రం అడిగి తెలుసుకోండి. ఎన్నేళ్ళ పరిచయమైనా మీకు తెలియకపోవచ్చు. అడిగినందుకు ఆవిడ తప్పకుండా సంతోషిస్తారు.